సమ్సోను మోకాలు

హైదరాబాదులో ఒక పశువుల ఆసుపత్రి వరండా. మధ్యాహ్నం మూడు గంటలు. గ్లోరీ ఫోనులో మొగుడు డానియల్‌తో మాట్లాడుతోంది. ఆమె పక్కన, ఊరి నుంచి వాళ్ల కుక్క సమ్సోనును తెచ్చిన ట్రాలీ ఆటో డ్రైవర్ మక్సూద్ కూర్చుని ఉన్నాడు.

"...ఒక్కటి కాదు, రెండు మోకాళ్లు. రెండూ ఇరగ్గొడత. ఇంటున్నవా?"

"ఎవలియి? జర ఆగు, గిక్కడ కుక్కలు మొత్తుకుంటున్నయి. కుడి చెవికి పెట్టుకుంట ఉండు. ఆఁ, ఇప్పుడు జెప్పు."

"ఎల్లయ్యగానియి! బత్తాయి తోట కావలి ముసలోడు! దొరికిండే గ్లోరీ. మన సమ్సోను మోకాలు ఇరగ్గొట్టినోడు దొరికిండు."

"ఎల్లయ్య తాతనా? నీకేమన్న పిచ్చి లేసిందా? ఆయనెందుకు కొడతడు?"

"మోటరు కొట్టంల పైపుకు కట్టేసిన. కాళ్లు సాపి కూసోవెట్టిన. గడ్డపార నా చేతులనే ఉన్నది. ముందుగాల నువ్వు జెప్పు, సమ్సోను ఎట్లున్నది?"

"లోపలికి తీస్కపోయి రెండు గంటలైతాంది. మోకాలికి ప్లేటు ఏసి బిగిస్తరంట. నువ్వు ముందు ఆయన్ని ఇప్పు."

"ఏడ్చిందా?"

"ఎవలు?"

"సమ్సోనే!"

"సూది ఇచ్చేటప్పుడు కుయ్యిమన్నది. నా చెయ్యి నాకింది. గంతే."

"అగో... దాని పాణం. ఆత్మకూర్ నుంచి చొక్కల ఏసుకోని తెచ్చిననే దాన్ని, గింత పిల్ల. తొవ్వ పొడుగూత నా కడుపు మీద ఉచ్చ పోసింది. దాని కాలికోసం నా బండి అమ్ముకున్న. అసొంటి దాని మోకాలు ఇరగ్గొడతవారా? నోరు లేని దాన్ని? చెప్పురా ముసలోడా!"

"ఏందా సప్పుడు? ఏం జేసినవ్?"

"ఏం లేదు. చెంప మీద ఒక్కటిచ్చిన."

"నెత్తురొస్తాందా?"

"ముక్కుల నుంచి జర. నీకెందుకే గంత ఫికర్?"

"డెబ్బై ఏండ్ల మనిషి. ఏమన్నయితే జైల్ల పడతవ్. ఆయనే కొట్టిండని నీకెవలు జెప్పిండ్రు?"

"ఎవలు జెప్పాలె? మొన్న కోత పండుగనాడు నువ్వు లేవా చర్చిల? హర్రాజు పాటల కోడిని ఎవలు పాడిండ్రు?"

"అందరు పాడిండ్రు."

"ఆఖరికి ఎవలు పాడిండ్రే?"

"...ఎల్లయ్య తాత."

"ఎంతకు?"

"యాదికి లేదు."

"ఆరువేలకు! కుక్క కాలికి దేవుని హర్రాజుల జాగా లేదని పాస్టర్ అంటె, నేను కాళ్ల మీద పడి ఒక్క కోడిని అడుక్కున్న. కొన్నోడల్ల పైసలిచ్చి కోడిని మళ్ల దేవునికే ఇడిసిపెట్టిండు, మళ్ల పాడిండ్రు. రాంచందర్ రెండు వేలు. మంజులత టీచర్ పదిహేను వందలు. గట్ల పదిసార్లు అమ్మిన కోడి. పదకొండోసారి ఎవలు లేసిండ్రు? గీ ముసలోడు. చర్చి మనిషన్న కాదు, ఎన్నడు గడప తొక్కనోడు. ఈని కావలి జీతమే ఆరువేలు. నెల జీతం ఎత్తి కోడి మీద పెట్టిండు. పరాయోని కుక్కకు ఎవడన్న నెల జీతం పెడతడా? తప్పు చేసినోడు పెడతడు. లోపల పురుగు తొలిసినోడు పెడతడు."

"పాపమనిపించి పెట్టిండేమో."

"నీకు అందరి మీద పాపమే అనిపిస్తది."

"సమ్సోనంటె ఆయనకు పాణం. బొక్కలు దాసి దాసి పెడతడు."

"గదే నేను జెప్పేది! కొత్తోడు దగ్గరికొస్తె అది తొడ పీకుతది. ఎరుకున్నోడే కొట్టిండు. డాక్టర్ గూడ గదే అన్నడని పొద్దుగాల నువ్వే జెప్పినవ్."

"నేనేం జెప్పలే."

"జెప్పినవ్. రెండు దెబ్బలు, ఒక్కటే జాగల, కుక్క పండుకున్నప్పుడు కొట్టిండ్రు అన్నడని."

"...అన్నడు."

"మళ్ల? ఎవని ముంగటంటె వాని ముంగట పండుకుంటదా అది?"

"ఉండు ఉండు, డాక్టర్ పిలుస్తుండు. పెట్టెయ్యకు. నేనొచ్చేదాక ఆయన్ని ముట్టకు, నా మీద ఒట్టు."

"జెల్ది రా."

"మక్సూద్ అన్నా! మ్యూట్ నొక్కిన, నా మాట ఆయనకు ఇనవడది. మీ తమ్ముడు డానిష్ ఊర్లనే ఉన్నడా?"

"ఉన్నడు చెల్లె, పంక్చర్ దుకాణంల. ఏమైంది?"

"ఎల్లయ్య తాతను తోట కాడ మోటరు కొట్టంల కట్టేసి కొడుతుండు. మోకాళ్లు ఇరగ్గొడతడంట."

"యా అల్లా! డానియల్ భాయా? నిన్న గదా నాకు దండం పెట్టి, నా కుక్క పైలం అని ఏడ్సిండు! పోలీసోళ్లకు చేస్త."

"చెయ్యి. గని వాళ్లు తిరుమలగిరి నుంచి రావాలె. ముందుగాల డానిష్‌ను ఉరకమను. ఒక్కన్ని పోవద్దను, నలుగురిని ఎంట తీస్కపొమ్మను. ఎంతసేపు పడ్తది?"

"వాగు చుట్టు తిరిగి పోవాలె. ఇరవై నిమిషాలన్న పడ్తది."

"ఇరవై నిమిషాలు మాట్లాడాలె నేను. దేవుడా, ఏం మాట్లాడాలె?"

"చెల్లె, ఒక్కటడుగుత. గా ముసలాయనే కొట్టిండా కుక్కను?"

"లేదు."

"నీకెట్ల ఎరుక?"

"ఫోన్ చెయ్యన్నా, నీ కాళ్లు మొక్కుత!"

"గ్లోరీ! ఏమన్నడే డాక్టర్? చచ్చిందా బతికిందా?"

"వచ్చిన వచ్చిన. ప్లేటు ఏసిండ్రంట. కుట్లేస్తుండ్రు. ఇగ మత్తు దిగాలె."

"దిగకపోతె?"

"దిగుతది. దిగకపోతదా?"

"దిగకపోతె ఈని తలకాయ పలగ్గొడత. దిగితె మోకాళ్లే. మోకాలికి మోకాలు. బైబిల్ల ఉన్నదే."

"ఆదివారం సాక్ష్యం చెప్పుకుంట ఏమన్నవ్ నువ్వు? నాకు కోపం పోయింది, దేవుడు నా చెయ్యి పట్టి ఆపిండు అన్నవ్. ఊరంత ఆమెన్ అన్నది."

"అన్న. అందరి మీద పోయింది. గీని మీద పోలే. నువ్వేం సాక్ష్యం జెప్పినవ్? కుక్క బండలల్ల జారిపడ్డదన్నవ్! ఎవడో కొట్టిండని చిన్నపోరడు గూడ చెప్తడు. పాస్టరమ్మ నవ్వింది, మీ ఇంట్ల అందరు జారిపడుడేనా గ్లోరీ అని."

"అవును, అన్నది."

"ఎందుకట్ల జెప్పినవ్? ఈన్ని కాపాడనీకెనా?"

"అందరి ముంగట లొల్లెందుకని. అలవాటైన మాట, నోట్లకెల్లి వచ్చింది. నా చెయ్యి ఇరిగినప్పుడు గూడ గదే జెప్పిన గద. బాయికాడ జారిపడ్డ అని. నువ్వే జెప్పమన్నవ్."

"పాత ముచ్చట్లెందుకు తీస్తవ్ ఇప్పుడు?"

"నేను తీయలే. నువ్వే తీసినవ్."

"నోరు లేస్తాందే పట్నం పోంగనె! రా, ఇంటికి రా. కుక్క ముందు నడవనియ్యి, నీ సంగతి ఎనక జూస్త. ఏందిరా గులుగుతున్నవ్ ముసలోడా? ఏందీ? నీళ్లు గావాల్నా? ఇగో తాగు. తాగురా!"

"ఏయ్! ఏం జేస్తున్నవ్? ఆ సప్పుడేంది?"

"మోటరు కాడ తొట్టి ఉన్నది. తల ముంచిన. నీళ్లడిగిండు గద."

"వదిలెయ్యి! సచ్చిపోతడు! వదిలెయ్యంటున్న గద! ఇగో, నా మాటిను, ఆయనకియ్యి ఫోను. నేనడుగుత. నీకు చెప్తలేడు గని నాకైతె చెప్తడు."

"ఆ, గిది బాగున్నది. గంట నుంచి తంతున్న, ఎవలు కొట్టిండ్రు రా అంటె, నన్నే కొట్టు అంటడు గని నోరిప్పుతలేడు. ఇగో, మైకుల పెట్టిన. అడుగు."

"తాతా! తాతా, నేను గ్లోరీని."

"బిడ్డా... మంచిగున్నవా?"

"నేను మంచిగనే ఉన్న. నొస్తాందా తాతా?"

"పల్లొకటి పోయింది. పోతె పోనీ, ఎప్పటినుంచో ఊగుతాండె. కుక్క ఎట్లున్నది?"

"బతికింది తాతా."

"మంచిదాయె. ఇను బిడ్డా, తొందర పడకు. దాని కాలు అతికేదాక ఆడనే ఉండు. ఊరికి రాకు. నెల కానీ, రెండు నెలలు కానీ. ఆడనే ఉండు."

"తాతా, జెప్పెయ్యి. నీకెరుకైంది జెప్పెయ్యి. నేనేమనుకోను."

"నాకేం ఎరుక లేదు. గ పొద్దు నేను జూడలే. పండుకున్న."

"తాతా, నిన్ను సంపుతడు!"

"డానియలూ, ఇను అయ్యా. ఆమెను అడగకు. నేనే కొట్టిన. బండతోని కొట్టిన. బొక్కలు పెట్టి పిలిసి నేనే కొట్టిన. ఇగ ఫోను పెట్టెయ్యి."

"ఇన్నవానే గ్లోరీ? ఇన్నవా? ఒప్పుకున్నడు! నీ నోటితోనే అడిగినవ్, నీ చెవితోనే ఇన్నవ్! అరేయ్, బండతోనా? బండతో కొట్టినవా నా కొడుకును?"

"వద్దు! ఆగు! ఆగు! ...ఏమైంది? ఎవలు ఒర్రుతున్నరు? తాతా! తాతా!"

"కాలు గుంజుకున్నడు. దెబ్బ మోకాలికి తప్పింది, కింద పిక్కకు తాకింది. బొక్క కానొస్తాంది. ఈపాలి గుంజుకోకుండ తాడు ఏస్త, ఉండు."

"నొక్కిన మక్సూదన్నా! ఏడున్నడు డానిష్?"

"వాగు చుట్టు తిరిగిండ్రంట. ఇంక ఐదు నిమిషాలు చెల్లె. పోలీసు జీపు గూడ ఎల్లింది."

"ఐదు నిమిషాలు లేవన్నా. కాలు ఇరగ్గొట్టిండు. నేను జెప్పాలె ఇగ."

"ఏం జెప్తవ్?"

"జెప్పొద్దనే గద తాత దెబ్బలు తింటుండు... అన్నా, ఇది ఇన్నంక నువ్వు గూడ నన్ను అసహ్యించుకుంటవ్. ఎట్లనన్న కానీ."

"చెల్లె, ఏం మాట్లాడుతున్నవ్?"

"ఏమయ్యా! ఆగు! తాడు వదిలిపెట్టు. తాత అబద్ధమాడుతుండు. బండ కాదు."

"ఏంది?"

"బండతోని కొట్టలే. పార కట్టెతోని కొట్టిండ్రు. నువ్వున్న జాగల తలుపెనకకు సూడు."

"ఏముంటది ఈడ?"

"సూడంటున్న గద. పార ఉన్నదా?"

"...ఉన్నది."

"కట్టె సూడు."

"సుతిలి చుట్టి ఉన్నది."

"ఇప్పు."

"ఏందే నీ..."

"ఇప్పు. మెల్లగ ఇప్పు. నువ్వే సూడు."

"...పలిగి ఉన్నది. నడిమిట్ల పలిగి ఉన్నది. నెత్తురు మరక. మళ్ల గీని పారనే గద! గీని కొట్టంల, గీని పార!"

"పార ఆయనదే. సుతిలి చుట్టి దాసింది ఆయనే. కొట్టింది ఆయన కాదు."

"నీకెట్ల ఎరుకే ఇదంత?"

"నువ్వే అన్నవ్ గద, ఎవని ముంగటంటె వాని ముంగట పండుకోదని. దాన్ని పండుకో అంటె పండుకునేది ఎవలికి?"

"నాకు."

"ఇంకెవలికి?"

"...ఏం మాట్లాడుతున్నవే?"

"పండుకో అన్న. పండుకున్నది. కాలు సాపి తోకూపింది. ఆడుకుంటనేమో అనుకున్నది. మొదటి దెబ్బకు గూడ ఉరకలే. నా దిక్కే సూసింది. రెండోది కళ్లు మూసుకోని కొట్టిన."

"అబద్ధం! నువ్వు దానికి అన్నం కలిపి పెట్టకుండ ముద్ద ముట్టవ్! ముసలోన్ని కాపాడనీకె అబద్ధమాడుతున్నవ్!"

"గ పొద్దు నువ్వు లేవకముందు సంచి పట్టుకోని ఎల్లిన. తోట నడుమకెల్లి పోతె రోడ్డు, నార్కట్‌పల్లి బస్సు. ఎనక్కి సూస్తె సమ్సోను. పో అన్న. పోలే. మట్టి పెల్ల ఇసిరిన. నోట కర్సుకొచ్చి నా ముంగటేసింది."

"ఏడికి పోతున్నవ్ నువ్వు? ఎవనికాడికి?"

"ఎవనికాడికి కాదు. నీ కాడి నుంచి. మొదటిపాలి పోయినప్పుడు బస్సు స్టేజి కాడ నా కాళ్లల్ల కూసున్నది. దాన్ని సూసే నన్ను పట్టుకున్నవ్. అప్పుడు చెయ్యి పోయింది. రెండోపాలి చర్చెనక అర్రల దాసుకున్న. తలుపు ముంగట కూసోని ఏడ్సింది, దాని ఎనక నువ్వొచ్చినవ్. పాస్టరమ్మ తలుపు తీసి నన్ను నీ చేతుల పెట్టింది, మొగుడూ పెండ్లాలు మంచిగుండాలని పాట పాడింది. ఇంటికి తీస్కపోయి చెవి మీద కొట్టినవ్. మూడోపాలి ఏం పోతదో నాకెరుకే."

"నిన్ను సంపుతనే!"

"గదే పోతుండె. అందుకే కొట్టిన. కొట్టి రోడ్డు దాక ఉరికిన. బస్సొచ్చింది. ఎక్కలేకపోయిన. దాని ఏడుపు ఇనవడ్డది, ఈ ఒక్క చెవికే. వాపసొచ్చి ఎత్తుకున్న. తాత అంత సూసిండు. ఒక్క మాట అనలే నన్ను. నీళ్లిచ్చిండు. దీన్ని పట్నం తీస్కపోవాలె బిడ్డా, మంచి డాక్టర్లు ఆడనే ఉంటరు, నువ్వే తీస్కపో అన్నడు. నాకప్పుడు సమజ్ కాలే."

"నోర్ముయ్! నోర్ముయ్!"

"కోడిని ఆరువేలకు పాడినప్పుడు సమజైంది. అది కుక్క మోకాలికి పాడిన పాట కాదు. నా బస్సు టికెట్‌కు పాడిన పాట. నా చెయ్యి ఇరిగితే, నా చెవి పోతే, ఊర్ల ఎవలు కోడిని పాడలే. దాని మోకాలికి పదకొండుసార్లు పాడిండ్రు. ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వలే నాకు. గా పైసలతోనే దీన్ని బాగు చేయించిన. ఇగ ఊరికి రాను."

"వస్తవ్! ఈడ్సుకొస్త! ముసలోడా, నువ్వా దీనికి తొవ్వ సూపింది? ముందు నీ... ఎవడురా అది? బండి సప్పుడేంది? డానిష్? నీకేం పనిరా ఈడ? అరేయ్, చెయ్యి ఇడువు! గడ్డపార ఇడువురా!"

"చెల్లె, చేరిండ్రు! తాత తాడు ఇప్పుతుండ్రంట. పాణంతోనే ఉన్నడు, కాలు ఒక్కటి ఇరిగిందట. ఇంకో ట్రాలీల ఏసి దవాఖానకు తీస్కపోతరంట."

"అన్నా, ఆయన్ని కూడ గిక్కడికే... పట్నం దవాఖానకే తెమ్మను. ఆయన కాలికి నేను అడుక్కుంట. ఊరూర తిరిగి అడుక్కుంట."

"నువ్వొక్కదానివి ఎందుకు అడుక్కుంటవ్, నేను లేనా? ఇగో, లోపలికెల్లి ఎవలో వస్తుండ్రు చూడు."

"సమ్సోను తాలూకు ఎవరండీ? మీరేనా? మత్తు దిగుతోంది. జాగ్రత్తగా ఒళ్లో పడుకోబెట్టుకోండి అమ్మా, కట్టు కదలనివ్వకండి. చూశారా, మీ గొంతు వినగానే తోక ఊపుతోంది."

"గ్లోరీ! ఇంటున్నవా? వీళ్లు పట్టుకుంటె ఎన్ని రోజులు పట్టుకుంటరే నన్ను? వారమా? నెలనా? వస్త! పట్నమైతేంది, బొంబాయైతేంది, ఏడ దాసుకున్నా దొరకవడతవ్! రెండుసార్లు దొరకలేదా నాకు?"

"నీకు ఎన్నడు దొరకలే నేను. దీనికి దొరికిన. ఇది నా ఒళ్లె పండుకోని ఉన్నది. ఇగ ఎవలెంబడి వస్తవ్, డానియలూ?"